రేడియేషన్ అయిపోయిన ఏళ్లకు వచ్చే ఇబ్బంది: ఆ డోసు కాగితం రోగి చేతికివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

క్యాన్సర్‌ను ముందే కనిపెట్టే శిబిరాల గురించి, ఆసుపత్రులకు వచ్చే కొత్త మిషన్ల గురించి మీ జిల్లా పేజీలో వార్తలు వస్తూనే ఉన్నాయి, అవి రావాలి కూడా. తిరుపతిలో స్విమ్స్ ఉంది, టాటా వాళ్ల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది, చిత్తూరు వైపు వాళ్లు ఎప్పటినుంచో వేలూరు సీఎంసీకి పోతున్నారు, ఇంకొందరు చెన్నై అడయార్‌కో బెంగళూరు కిద్వాయికో పోతారు. వైద్యం దొరికితే మనిషి బతుకుతాడు. బతికిన మనిషి ఐదేళ్లు, పదేళ్లు, ఇరవై ఏళ్లు మన మధ్యే తిరుగుతాడు, పని చేసుకుంటాడు, పిల్లల పెళ్లిళ్లు చేస్తాడు. ఆ ఏళ్లలో అతనికి ఏమవుతుందో మాత్రం ఎవరూ రాయడం లేదు. ముఖ్యంగా మెదడుకు రేడియేషన్ చేయించుకున్న వాళ్ల గురించి, మన ఊళ్లలో కరెంటు పెట్టించుకోవడం అంటామే, వాళ్ల గురించి రాస్తున్నాను.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. రేడియేషన్ వద్దని నేను చెప్పడం లేదు. మెదడులో చెడ్డ కణితి ఉన్నవాళ్లకు ఆపరేషన్ తరవాత రేడియేషన్ ఇస్తే ఎక్కువ కాలం బతుకుతారని 1970లలోనే ట్రయల్స్‌లో తేలింది. దాన్ని చూసి భయపడి మధ్యలో మానేసి ఇంటికి వచ్చేస్తే నష్టపోయేది మనమే. నేను అడిగేది దాని తరవాతి సంగతి.

రేడియేషన్ వల్ల మెదడుకు వచ్చే ఇబ్బందులు ఒకేసారి రావు. ఇస్తున్న రోజుల్లోనే తలనొప్పి, వాంతులు, నీరసం, జుట్టు రాలడం లాంటివి ఉంటాయి, వాటి గురించి నర్సులు కూడా చెబుతారు. అయిపోయాక కొన్ని వారాల నుంచి ఆరు నెలల లోపు కొందరికి ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటుంది, పిల్లల్లో ఇది ఎక్కువ, చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. అసలు కష్టం మూడో దశలో ఉంది. అది ఆరు నెలలు దాటాక ఎప్పుడైనా రావచ్చు, రెండేళ్లకు రావచ్చు, పదిహేనేళ్లకు రావచ్చు. అప్పటికి రోగీ ఇంట్లోవాళ్లూ రేడియేషన్ సంగతే మరిచిపోయి ఉంటారు. ఊళ్లో చూసే డాక్టరుకు అది తెలిసే అవకాశమే లేదు. ఎంత కాలం దాకా దీని ప్రభావం ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఇజ్రాయెల్‌లో 1948 నుంచి 1960 మధ్య తలలో తామర వచ్చిన 10,800 మందికి పైగా పిల్లలకు ఎక్స్‌రే కిరణాలతో వైద్యం చేశారు, మెదడుకు తగిలింది సగటున 1.5 గ్రే (రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు) మాత్రమే. ఇప్పుడు కణితికి ఇచ్చేది 60 గ్రే దాకా ఉంటుంది, దాంతో పోలిస్తే అదెంత? అయినా దశాబ్దాల తరవాత లెక్క తీస్తే, ఆ పిల్లల్లో మెదడు పొరల మీద వచ్చే మెనింజియోమా అనే కణితి మిగతా వాళ్లకంటే తొమ్మిది రెట్లకు పైగా కనిపించింది. 1988లో ఈ సంగతి ప్రచురించారు.

లోపల జరిగేది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. రేడియేషన్ కణితిని చంపుతూ చుట్టుపక్కల ఉన్న సన్నటి రక్తనాళాల లోపలి పొరను కూడా దెబ్బతీస్తుంది. ఆ నాళాలు ఏళ్ల తరబడి మెల్లగా మందమై మూసుకుపోతాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు మెదడులోని నరాల తీగలకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది, దాన్ని తయారుచేసే కణాలు కూడా దెబ్బతింటాయి. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త కణాలు పుట్టడం తగ్గిపోతుంది. ఇవన్నీ నిదానంగా జరిగేవి కాబట్టే ఫలితం ఆలస్యంగా బయటపడుతుంది.

ఇక మా ఇంటి సంగతి. నా తమ్ముడు దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాసేవాడు. సీజన్లో రోజుకు ఎన్ని లారీలు లోడైనా, ఎవరి తోట కాయ ఎంత తూకం, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారు అన్నీ నోటికి చెప్పేవాడు. మెదడులో నుదుటి వైపు కణితి వచ్చింది, ఆపరేషన్ చేశారు, తరవాత ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. బాగా కోలుకున్నాడు. మళ్లీ మండీకి పోయి కొన్నేళ్లు చక్కగా పని చేశాడు. తరవాత మెల్లగా తేడాలు మొదలయ్యాయి. ఒకరి తూకం ఇంకొకరి పేరు మీద రాయడం, ఇచ్చిన డబ్బు ఇవ్వలేదనడం, అడిగితే మాట్లాడకుండా కూర్చోవడం. యజమాని డబ్బు తింటున్నాడేమోనని అనుమానపడ్డాడు. మరదలు, ఈయనకు ఇల్లంటే లెక్క లేదని ఏడ్చేది. ఎవరో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మనిషికి కోపం లేదు, సంతోషం లేదు, స్నానం చేయమంటే చేస్తాడు, చెప్పకపోతే సాయంత్రం దాకా అలాగే కూర్చుంటాడు. తరవాత నడక తడబడింది. పడి చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించారు, ఎముక అతుక్కుంది, ఎందుకు పడ్డాడని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఒకరోజు ఫిట్స్ వచ్చాక స్కాన్ తీయించారు. పాత చోటే తెల్లగా మెరిసే ముద్ద, చుట్టూ వాపు. కణితి మళ్లీ వచ్చింది, ఇక చేయడానికి పెద్దగా ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అని ఒక ఆసుపత్రిలో చెప్పేశారు. మా అమ్మ ఆ రాత్రి నుంచి అన్నం ముట్టలేదు. ఇంకో చోట చూపిద్దామని పోతే అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఎంత డోసు ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు, ఎప్పుడు అయిపోయింది అని. మా దగ్గర ఉన్న డిశ్చార్జి కాగితంలో రేడియేషన్ పూర్తయింది అని ఒక్క లైను ఉంది, అంతే. అమ్మ ట్రంకు పెట్టెలో దాచిన పాత ఫిల్ములు చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. రేడియేషన్ ఇచ్చిన చోటికి ఫోన్ చేస్తే పాత ఫైలు దొరకడం లేదన్నారు, మేమే స్వయంగా పోయి అడిగితే కంప్యూటర్ మారిందన్నారు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

ఆ డాక్టరమ్మ ఎందుకు అంతగా అడిగిందో తరవాత తెలిసింది. రేడియేషన్ వల్ల మెదడు కణజాలం చచ్చుబడిపోయే జబ్బు ఒకటి ఉంది, రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. మామూలు ఎంఆర్‌ఐలో అదీ, తిరిగి వచ్చిన కణితీ ఒకేలా కనిపిస్తాయి. రెండూ తెల్లగా మెరుస్తాయి, రెండింటి చుట్టూ వాపు ఉంటుంది, రెండూ ఫిట్స్ తెప్పిస్తాయి. పేరు మారితే వైద్యమే మారిపోతుంది. కణితి అనుకుంటే మళ్లీ రేడియేషనో కీమోనో ఇస్తారు, లేదా ఆశ వదులుకోమంటారు. నెక్రోసిస్ మీద మళ్లీ రేడియేషన్ ఇస్తే చచ్చుబడిన దాన్ని ఇంకా చంపినట్టే. తేడా పట్టుకోవడానికి పెర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ, స్పెక్ట్రోస్కోపీ, కొన్ని రకాల పెట్ స్కాన్లు ఉన్నాయి. పెరిగే కణితికి రక్తం ఎక్కువగా పోతుంది, చచ్చుబడిన చోటికి తక్కువగా పోతుంది, పెర్ఫ్యూజన్లో చూసేది అదే. అయినా నూటికి నూరుపాళ్లు తేలదు, రెండూ కలిసి ఉన్నవాళ్లు కూడా ఉంటారు, కొన్నిసార్లు ముక్క తీసి పరీక్ష చేయక తప్పదు. అందుకే పాత డోసు లెక్క అంత ముఖ్యం. మెరిసే ముద్ద సరిగ్గా ఎక్కువ డోసు పడిన చోటే ఉందా, కిరణాలే తగలని చోట ఉందా అన్నది ఆ ప్లాను చూస్తేనే తెలుస్తుంది.

డోసుకూ ప్రమాదానికీ లెక్క ఉంది. రోజుకు 2 గ్రే చొప్పున ఇస్తే మొత్తం 72 గ్రే దగ్గర నూటికి ఐదుగురికి నెక్రోసిస్ రావచ్చని 2010లో నిపుణులు పాత అధ్యయనాలన్నీ కలిపి అంచనా వేశారు. మామూలుగా ఇచ్చే 60 గ్రే అంతకంటే తక్కువే. కానీ ఒకసారికి ఇచ్చే డోసు పెద్దదైతే, అదే చోట రెండోసారి ఇస్తే, కీమోతో కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. గామా నైఫ్ లాంటి, ఒకే రోజు పెద్ద డోసు కిరణాలు ఇచ్చే వైద్యంలో కూడా ఇది వస్తుంది, కత్తి పెట్టలేదు కాబట్టి ఏమీ కాదు అనుకోకూడదు.

మా తమ్ముడికి అది నెక్రోసిస్సే అని తేలింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, వాపు తగ్గింది, నడక చాలా వరకు తిరిగొచ్చింది. ఆ మాత్రలతో ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, తొడల్లో బలం తగ్గి కూర్చుంటే లేవడం కష్టమైంది. పక్కింటివాళ్లు ఎవరైనా ఈ మందు వాడుతుంటే వాళ్లకు ఒకటి చెప్పండి: బాగుంది కదా అని సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. స్టెరాయిడ్‌తో లొంగని వాళ్లకు బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. 2011లో 14 మంది మీద చేసిన చిన్న ట్రయల్‌లో అది తీసుకున్న వాళ్లందరికీ మెరుగు కనిపించింది, ఉత్త సెలైన్ ఎక్కించిన వాళ్లలో ఒక్కరికీ కనిపించలేదు. ఖరీదైన మందు. అవసరమైతే ఆపరేషన్ చేసి చచ్చుబడిన భాగం తీసేస్తారు. అంటే ఇంటికి తీసుకుపోండి అన్న మనిషికి ఇన్ని దారులున్నాయి. నాకు బాధ అక్కడే. తమ్ముడు మళ్లీ మండీ లెక్కలు రాయలేడు, అది తిరిగి రాలేదు. కానీ కూతురిని బడి దగ్గర దించి వస్తాడు, దారి మరిచిపోడు.

ఆలస్యంగా వచ్చేది నెక్రోసిస్ ఒక్కటే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. కొందరికి ఏళ్ల తరవాత హఠాత్తుగా తలనొప్పితో పాటు ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట రాకపోవడం, ఫిట్స్ వస్తాయి. చూస్తే పక్షవాతమే అనుకుంటాం. స్మార్ట్ సిండ్రోమ్ అంటారట, చాలామందిలో రోజుల్లోనో వారాల్లోనో తగ్గుముఖం పడుతుంది. అయినా అసలు పక్షవాతం కావచ్చు కాబట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. కాకపోతే అక్కడ మొదటి మాటగా, తలకు ఫలానా ఏడు రేడియేషన్ ఇచ్చారు అని చెప్పాలి. అది చెప్పకపోతే అనవసరంగా కణితి అనుకుని తలకు రంధ్రం పెట్టే పరిస్థితి కూడా వస్తుంది.

ఇంకోటి, ఇది మన జిల్లా డాక్టర్లందరూ చదవాలని నా కోరిక. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంది, ఒంట్లో మిగతా గ్రంథులను నడిపించేది అదే. రేడియేషన్ దాని మీదో, దాన్ని నడిపే పై భాగం మీదో పడితే, ఏళ్లకు హార్మోన్లు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. మనిషి ఎప్పుడూ అలిసిపోతాడు, చలి అంటాడు, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతుంది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు, టీఎస్‌హెచ్ నార్మల్ వస్తుంది, ఏమీ లేదు మనసు వల్లే అంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. టీఎస్‌హెచ్ తయారయ్యేదే పిట్యూటరీలో. అదే దెబ్బతిన్నప్పుడు ఆ అంకె నార్మల్‌గా కనిపిస్తూనే అసలు థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉండొచ్చు, కాబట్టి ఆ హార్మోన్‌ను కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష కూడా చేయించాలి. ఉదయం పూట కార్టిసాల్ అనే హార్మోన్ కూడా చూడాలి. కార్టిసాల్ తక్కువున్న మనిషికి మామూలు జ్వరం, వాంతులు వచ్చినా బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అది తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేసి తరవాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. ఇవన్నీ రక్త పరీక్షలే, మాత్రలతో సరిపోయే జబ్బులే. తెలియక నీరసంతో మంచానికి అతుక్కుపోయిన వాళ్లు ఎందరున్నారో.

పిల్లల సంగతి చెప్పాలంటే మనసు ఒప్పదు. లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఒకప్పుడు ముందు జాగ్రత్తగా తలకు రేడియేషన్ ఇచ్చేవారు, మొదట 24 గ్రే, తరవాత 18 గ్రేకు తగ్గించారు. చదువులో వెనకబడటం, ఎత్తు పెరగకపోవడం చూశాక ఇప్పుడు చాలామందికి వెన్నులోకి మందు ఎక్కించి, రేడియేషన్ లేకుండానే నయం చేస్తున్నారు. కానీ మెడుల్లోబ్లాస్టోమా లాంటి మెదడు కణితులకు మూడేళ్లు దాటిన పిల్లలకు అది ఇంకా తప్పదు. ఆ పిల్లలు నేర్చుకున్నది మరిచిపోతారని కాదు, కొత్తది నేర్చుకునే వేగం తగ్గుతుంది, అందువల్ల ఏడాది గడిచేకొద్దీ తోటి పిల్లలకూ వీళ్లకూ దూరం పెరుగుతుంది. రెండో తరగతిలో బాగున్న పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి మొద్దు అనిపించుకుంటుంది. టీచర్లకు దయచేసి చెబుతున్నాను, తలకు వైద్యం జరిగిన పిల్లలు మీ తరగతిలో ఉంటే ముందు వరసలో కూర్చోబెట్టండి, రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వండి, బోర్డు మీది లెక్క వేగంగా ఎక్కించుకోలేదని కొట్టకండి. కొందరికి వినికిడి కూడా తగ్గి ఉంటుంది. తల్లిదండ్రులు ఎత్తును ఏటా గోడ మీద గీత పెట్టి చూసుకోవాలి, ఆగిపోయిందంటే హార్మోన్ డాక్టరుకు చూపించాలి.

వైద్యం మొదలుకాకముందే అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. వేరే చోటి క్యాన్సర్ మెదడుకు పాకినప్పుడు, తలంతా ఇస్తారా, మచ్చలున్న చోటే ఇస్తారా అని అడగండి. 2009లో అమెరికాలో 58 మంది మీద చేసిన ట్రయల్‌లో మచ్చలకు మాత్రమే ఇచ్చిన వాళ్లలో నూటికి 24 మందికి, దానితో పాటు తలంతా ఇచ్చిన వాళ్లలో నూటికి 52 మందికి నాలుగు నెలలకు నేర్చుకునే శక్తీ జ్ఞాపకమూ తగ్గాయి. ఆ తేడా చూసి ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. తలంతా ఇవ్వక తప్పకపోతే హిప్పోక్యాంపస్‌కు కిరణాలు తగలకుండా ప్లాన్ చేసే పద్ధతి ఉంది, మెమాంటిన్ అనే మాత్ర జత చేసి అలా ఇస్తే జ్ఞాపకం మెరుగ్గా నిలిచిందని 2020లో వచ్చిన పెద్ద ట్రయల్ చెప్పింది. అందరికీ కుదరదు, కణితి అక్కడే దగ్గరలో ఉంటే కుదరదు. కుదురుతుందా అని అడగడానికి మాత్రం భయపడక్కర్లేదు. పేదవాళ్లు, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద వచ్చినవాళ్లు డాక్టరును ప్రశ్న అడిగితే కోప్పడతారేమోనని తల వంచుకుని నిలబడతారు. నేను చూశాను.

నేను ప్రభుత్వాన్నీ ఆసుపత్రులనూ అడిగేది కొత్త మిషన్ కాదు, ఒక్క కాగితం. రేడియేషన్ చివరి రోజున రోగి చేతికి తెలుగులో ఒకటి, డాక్టర్లకు ఇంగ్లిష్‌లో ఒకటి ఇవ్వాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మెదడులో ఏ భాగానికి, మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని సార్లుగా, ఏ రకం మిషన్‌తో, కీమో ఏది కలిపారు, కంటి నరానికీ పిట్యూటరీకీ ఎంత డోసు తగిలింది, ఇవి రాసి ఉండాలి. ఆరు నెలల తరవాత ఏ లక్షణాలు కనిపిస్తే రావాలో కింద నాలుగు లైన్లు ఉండాలి. డోసు ప్లాను సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో ఇస్తే ఇంకా మంచిది. సమాచారమంతా ఆసుపత్రి కంప్యూటర్లో ఉన్నదే, అచ్చు తీసి ఇవ్వడమే పని. సదరం సర్టిఫికెట్ కోసం పోయినప్పుడు, మనిషి చూడటానికి బాగున్నా మతిమరుపుతో పని చేసుకోలేకపోతున్నాడని చెప్పుకోవడానికి కూడా ఆ కాగితం ఒక ఆధారం అవుతుంది.

ఇప్పటికే రేడియేషన్ అయిపోయిన వాళ్ల ఇళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆలస్యం చేయకుండా ఇచ్చిన ఆసుపత్రికి పోయి ట్రీట్‌మెంట్ సమ్మరీ కావాలని రాతపూర్వకంగా అడగండి. దొరికిన దాన్ని ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పంపి పెట్టండి, ఫిల్ములు ట్రంకు పెట్టెల్లో పెట్టకండి. మండలాల్లో పనిచేసే మెడికల్ ఆఫీసర్లు, ఆశా కార్యకర్తలు మతిమరుపు, తూలుడు, కొత్తగా ఫిట్స్, కారణం తెలియని నీరసంతో వచ్చిన మనిషిని, తలకు ఎప్పుడైనా కరెంటు పెట్టించుకున్నావా అని ఒక్క మాట అడిగి చీటీలో రాయండి. అలాగే మీ పత్రిక ఆరోగ్య పేజీలో రేడియేషన్ డాక్టరు, న్యూరాలజిస్టు, హార్మోన్ డాక్టరు ముగ్గురితో దీని మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇప్పిస్తే, మొదటి ప్రశ్న నేనే పంపుతాను: పాత ఫైలు పోయిందని ఆసుపత్రి చెప్పినప్పుడు మాలాంటి వాళ్లు ఎవరిని అడగాలి?

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాకాల